రీస్టార్ట్ చేసే ముందు

నెట్ ఆగగానే ఇంట్లో ఎవరో ఒకరు లేచి రౌటర్ స్విచ్ తీసేస్తారు. కాసేపాగి మళ్లీ వేస్తారు. కస్టమర్ కేర్ వాళ్లు మొదట చెప్పేదీ అదే. చాలాసార్లు నెట్ వస్తుంది కూడా. అయినా ఆ అలవాటు నాకు నచ్చదు. స్విచ్ తీయగానే డబ్బా మీద ఏ లైటు వెలుగుతోందో, ఏది ఆరిందో, ఆ క్షణాన లైన్లో సిగ్నల్ ఎంత ఉందో అన్నీ చెరిగిపోతాయి. సాయంత్రం అదే జబ్బు తిరగబెడితే చేతిలో ఒక్క ఆధారమూ ఉండదు. రెండు నిమిషాలు ఆగి చూడండి అని తెలిసినవాళ్లందరికీ చెబుతుంటాను.

ముందు తేల్చుకోవాల్సింది, లోపం ఇంట్లో ఉందా, బయట ఉందా అన్నది. ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగా ఉన్నంత మాత్రాన నెట్ ఉన్నట్టు కాదు. అది ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య సంగతే చెబుతుంది. అందుకే ల్యాప్‌టాప్‌ని వైరుతో రౌటర్‌కి కలిపి, దానికి ఏ అడ్రస్ వచ్చిందో చూస్తాను. 169.254తో మొదలైతే రౌటర్ నుంచి దానికి అడ్రసే అందలేదన్నమాట. అలాంటప్పుడు ముందు ఇంట్లోనే వెతకాలి. అడ్రస్ సరిగా ఉంటే మొదట రౌటర్‌ని పింగ్ చేస్తాను, తర్వాత బయటి ఇంటర్నెట్‌లో ఉన్న 8.8.8.8ని. రెండూ జవాబిచ్చి, సైటు పేరు కొడితే మాత్రం తెరుచుకోకపోతే లైను బాగానే ఉన్నట్టు. పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర తేడా ఉందని అనుమానించాలి. ఈ పింగ్‌ను మైక్ మూస్ అనే అమెరికా ఇంజినీరు 1983 డిసెంబరులో, తన నెట్‌వర్క్‌లో వచ్చిన చిక్కు పట్టుకోవడానికి ఒక్క సాయంత్రంలో రాశాడు. ఉన్నావా అని అడగడం, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో కొలవడం, అంతే దాని పని. ఇప్పటికీ నేను మొదట తీసే పనిముట్టు అదే.

ఇక కేబుల్ మోడెమ్. హైదరాబాద్‌లో ఫైబర్ ఇంటింటికీ రాకముందు టీవీ కేబుల్ మీదే నెట్ తీసుకున్న ఇళ్లు చాలా ఉండేవి. ఆ పద్ధతికి డాక్సిస్ అనే ప్రమాణం 1997లో వచ్చింది. మా పక్క ఫ్లాట్ మాస్టారి కనెక్షన్ కూడా అదే. పండక్కి వాళ్లింట్లో రెండో టీవీ కొన్నారు, అప్పటినుంచి నెట్ పోతూ వస్తూ ఉంది. "టీవీకీ నెట్‌కీ ఏం సంబంధం బాబూ? బొమ్మ చక్కగానే వస్తోందిగా" అన్నారాయన.

అడగాల్సిన ప్రశ్నే. టీవీ బొమ్మ ఒకవైపే ప్రయాణిస్తుంది. మోడెమ్ మాత్రం తిరిగి మాట్లాడాలి. బ్రౌజర్లో 192.168.100.1 కొడితే చాలా కేబుల్ మోడెమ్‌లు తమ కొలతలు చూపిస్తాయి. మాస్టారి మోడెమ్‌లో వచ్చే సిగ్నల్ కాస్త తక్కువగా ఉన్నా పనికొచ్చేదే. పంపే పవర్ మాత్రం 50 డీబీఎంవీ దాటింది. అంటే తన మాట అవతలికి వినపడక మోడెమ్ గొంతు పెంచుకుంటూ పోతోంది. దానికీ హద్దుంది కదా. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కోటి సుమారు 3.5 డీబీ తినేస్తుంది, సగానికి పైగా సిగ్నల్ అక్కడే పోతుంది. కొత్త టీవీ కోసం పెట్టిన స్ప్లిటర్‌తో మోడెమ్‌కి ముందు అవి రెండయ్యాయి. మోడెమ్‌ని మొదటి స్ప్లిటర్‌కి మార్చి, టీవీలు రెండింటినీ రెండోదానికి ఇస్తే సరిపోయింది.

మోడెమ్ తిరిగి మాట్లాడే ఈ తిరుగుదారి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే కేబుల్ నెట్‌లో అసలు కష్టమంతా అక్కడే. వీధిలోని ఇళ్లన్నిటి నుంచి తిరిగొచ్చే సిగ్నళ్లు నోడ్ అనే ఒకే పెట్టె దగ్గర కలుస్తాయి. ఏ ఇంట్లోనైనా వదులుగా ఉన్న పిన్ గుండా దూరిన గోల కూడా వాటితోపాటే వచ్చి కలుస్తుంది. తిరుగుదారి 5 మెగాహెర్ట్జ్ నుంచి మొదలయ్యే కింది ఫ్రీక్వెన్సీల్లో నడుస్తుంది, మోటార్ల నిప్పురవ్వలు పుట్టించే గోల కూడా ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఎవరో టీవీ తీసేసి గోడకి వదిలేసిన కేబుల్ కొస చాలు, వీధి మొత్తం అప్‌లోడ్ దెబ్బతినడానికి. ఆ ఇంట్లో నెట్ కనెక్షనే ఉండకపోవచ్చు. దాన్ని పట్టుకోవాలంటే లైన్‌మన్ స్తంభం స్తంభం తిరిగి, ఒక్కో శాఖనూ విప్పి, గోల తగ్గిందా అని ఆఫీసులో ఉన్న మనిషిని ఫోన్లో అడుగుతూ పోవాలి. ఎండలో నిచ్చెన మీద నిలబడి చేసే ఆ పనికి దక్కాల్సిన గౌరవం మనం ఎప్పుడూ ఇవ్వలేదు.

పనితనం తెలిసిన లైన్‌మన్‌ని ఇంటి బయట కేబుల్ చూసి గుర్తుపట్టొచ్చు. కేబుల్ గోడలోకి దూరేముందు కిందికి ఒక వంపు తిప్పి వదులుతాడు. వాన నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, పిన్ దాకా రావు. ఆ వంపు లేనిచోట నీళ్లు అల్లిక తీగలోకి పాకి లోపల తుప్పు పడుతుంది. వానపడ్డప్పుడల్లా నెట్ పోతోందంటే నేను మొదట వెతికేది అలాంటి జాయింటునే.

ఇప్పుడు మా ఫ్లాట్లకి ఫైబర్ వచ్చింది. రాగి తీగ తుప్పూ, మోటార్ల గోలా దానికి లేవు. కానీ బీరువా వెనక వైరును గట్టిగా మడిస్తే కాంతి ఆ మడతలో బయటికి జారిపోతుంది. చాలా డబ్బాల్లో ఎల్ఓఎస్ అని రాసిన ఎర్రలైటు వెలిగిందంటే కాంతి అందడం లేదని గుర్తు. బ్రౌజర్లో తెరుచుకునే డబ్బా సెట్టింగుల పేజీలో అందే కాంతి ఎంతో డీబీఎంలలో కనిపిస్తుంది. అది సుమారు మైనస్ 27 దగ్గరికి జారితే లైను ఎప్పుడైనా తెగొచ్చు. నెట్ బాగా నడుస్తున్న రోజునే ఆ అంకెను తేదీతో సహా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రేపు ఫోన్ చేసినప్పుడు "నెట్ రావట్లేదు" అనడానికి బదులు "పోయిన నెల మైనస్ 19 ఉండేది, ఇవాళ మైనస్ 26" అని చెప్పగలుగుతారు. మీ రౌటర్ ఆపి వేయమనడానికి బదులు, వచ్చే మనిషి పవర్ మీటర్ వెంట తెచ్చుకుంటాడు.