నాలుగు గీతల లెక్క

మే నెల వచ్చిందంటే ఛత్తీస్‌గఢ్‌లోని మా బీజాపూర్ జిల్లాలో ఊరూరా తునికాకు కల్లాలే. యాభై ఆకులకో కట్ట, వెయ్యి కట్టలకో స్టాండర్డ్ బస్తా. బస్తాకు సర్కారు రేటు 2024 నుంచి 5,500 రూపాయలు. కట్టలు నేల మీద వరసలుగా పేర్చి ఉంటాయి. భోపాలపట్నం వైపు ఒక కల్లంలో మున్షీ పక్కన కూర్చుని చాలాసేపు ఆయన చేతినే చూశాను. వంద కట్టలైతే కాగితం మీద ఒక నిలువు గీత. ఇంకో వందకు ఇంకో గీత. నాలుగయ్యాక అయిదోది వాటి మీద అడ్డంగా పడుతుంది. నాలుగు వందల దగ్గర కట్టలు అయిపోతే నాలుగు గీతలే ఉండిపోతాయి. ‘అయిదుకు ఒకటి తక్కువ’ అని ఆ చేయి ఎందుకు రాస్తుంది? పెంచుకుంటూ పోయే లెక్కలో తీసివేతకు చోటు లేదు.

రోమన్ అంకెలను నేను ఈ చేయి వైపు నుంచే చూస్తాను. వీ ముందు ఐ పెడితేనే నాలుగని బడిలో నేర్చుకున్నాం. ఆ నియమం రోమన్లకు మాత్రం శిలాశాసనం కాదు. క్రీ.శ. 80లో తెరిచిన కొలోసియంలో 44వ ద్వారం మీద నలభైని తీసివేత పద్ధతిలో ఎక్స్, ఎల్ అని చెక్కి, నాలుగుకు మాత్రం నాలుగు గీతలూ గీశారు. ఒకే రాతి మీద రెండు పద్ధతులు! జర్మనీలోని క్సాంటెన్‌లో దొరికిన మార్కస్ కేలియస్ అనే సైనికాధికారి స్మారక శిలపై 18వ దళం పేరు రెండు ఎక్స్‌ల మధ్య రెండు గీతలుగా ఉంది. లాటిన్‌లో పద్దెనిమిదిని ‘ఇరవైకి రెండు తక్కువ’ అనే పలుకుతారు మరి. ‘పావుతక్కువ పది’ అనే మనకు అది వింతగా తోచదు.

నాలుగు గీతలకు జూపిటర్ భయమే కారణమని ఒక కథ ఉంది. ఆ దేవుడి పేరు లాటిన్‌లో ఐ, వీ అక్షరాలతో మొదలవుతుంది కనక, వాటిని అంకెగా వాడటానికి జంకారట. నేను నమ్మను. అదే పేరును గుళ్ల మీదా బలిపీఠాల మీదా చెక్కినవాళ్లు ద్వారం నంబరు దగ్గర జంకుతారా?

అలాగని వాళ్లకు అంకెల పట్టింపులు లేవని కాదు. సరిసంఖ్య అచ్చిరాదని పాత క్యాలెండర్‌లో ఫిబ్రవరి తప్ప నెలలన్నిటికీ 29 లేదా 31 రోజులే పెట్టుకున్నారు. వందకు పదహారు కలిపి నూటపదహార్లు చదివించే మనం ఆ మనసును తేలిగ్గానే అర్థం చేసుకోగలం. ధాన్యం కొలిచే పెద్దల నోట ఇంకా గట్టి పట్టింపు విన్నాను. మొదటి కుంచం ‘ఒకటి’ కాదు, ‘లాభం’. ఆరు దాటాక ‘ఏడు’ అనరు, రాశి దగ్గర ఏడుపు మాట వద్దని ‘ఆరున్నొక్కటి’ అంటారు. ఆరున్నొక్క రాగం అని మనం ఏడుపును అనేది ఈ లెక్కతోనే. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం నాకు ఇష్టం ఉండదు. ఏడాది కష్టం కళ్లముందు రాశిగా ఉన్నప్పుడు నోటిని అదుపులో పెట్టుకోవడం అది. పైగా లెక్క ఎక్కడా తప్పలేదు. ఆరున్నొక్కటి తర్వాత ఎనిమిదే.

రోమన్ల అసలు భయం ఇంకోచోట కనిపిస్తుంది. క్రీ.శ. 9లో ట్యూటోబర్గ్ అడవిలో జరిగిన యుద్ధంలో 17, 18, 19వ రోమన్ దళాలు తుడిచిపెట్టుకుపోయాయి. కేలియస్ చనిపోయింది ఆ యుద్ధంలోనే. ఆ తర్వాత రోమ్ ఎన్నో కొత్త దళాలను లేపింది, ఈ మూడు నంబర్లను మాత్రం మళ్లీ ఏ దళానికీ ఇవ్వలేదు. మన కొలతగాడు ఏడుకు మారుపేరు పెట్టి ఎనిమిదికి వెళ్తే, వాళ్లు పదహారు నుంచి నేరుగా ఇరవైకి వెళ్లిపోయారు.