పిడుదు నేర్పిన పాఠము – ఒక పాత గ్రంథముపై విమర్శ

పశువులకు వచ్చు ‘టెక్సాస్ జ్వరము’ను గూర్చి థియొబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అను శాస్త్రజ్ఞులు వ్రాసిన నివేదికను అమెరికా ప్రభుత్వము 1893 లో ప్రకటించినది. రోగమును ఒక జంతువు నుండి మరొక జంతువునకు పిడుదు మోయునని ప్రయోగపూర్వకముగ నిరూపించిన గ్రంథమిది. దోమలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో చూచినది దీని తరువాత నాలుగేండ్లకు, 1897 లో.

గ్రంథము యొక్క బలము ప్రయోగములలోని సూటిదనము. దక్షిణ రాష్ట్రముల పశువులను పిడుదులతోనే ఒక దొడ్డిలోను, పిడుదులను చేతితో ఏరివేసి వేరొక దొడ్డిలోను, ఉత్తరాది పశువులతో కలిపి ఉంచిరి. మొదటి దొడ్డిలో జబ్బు పుట్టినది, రెండవదానిలో పుట్టలేదు. పిడుదులను మాత్రమే చల్లిన పొలములోను జబ్బు వచ్చినది. విద్యార్థులకు ఇంతకంటె మంచి ప్రయోగపాఠము అరుదు. అయితే పిడుదు జీవితచక్రమును శోధించిన కూపర్ కర్టిస్ పేరు రచయితలలో లేకపోవుట ఒక లోపమే.

మరియొక లోపము కాలమునకు సంబంధించినది. దక్షిణాది పశువుల రక్తములో క్రిమి ఉన్నను అవి ఆరోగ్యముగ నుండుటను రచయితలు గమనించిరి. కాని ఎందువలనో చెప్పజాలకపోయిరి. ప్రతిరక్షకముల శాస్త్రము అప్పుడే పుట్టుచున్నది. క్రిమి ప్రవేశించిన కొద్ది వారములలో ఈ ప్రతిరక్షకములు రక్తములో పెరిగి, పిదప నెలల తరబడి క్రమముగ తగ్గును. పిడుదు మరల క్రిమిని ఎక్కించినచో మరల పెరుగును. మట్టము తగ్గినంత మాత్రమున రక్షణ పోయినదనుటయు పొరపాటే. రక్తకణముల జ్ఞాపకశక్తి మిగిలియుండును.

ఈ గ్రంథము ఆధారముగ 1906 లో ఆరంభించిన పిడుదుల నిర్మూలన 1943 నాటికి అమెరికాలో దాదాపు పూర్తియైనది. ఆ పద్ధతినే గోదావరి తీరమునకు అన్వయింపబోవుట సరికాదు. రాజమహేంద్రవరము చుట్టుపట్ల పిడుదులను చంపునంతటి చలి లేదు. పిడుదులను సగము చంపి విడిచినచో, దూడలు చిన్ననాడు క్రిమిని ఎరుగక పెరిగి, పెద్దవైన పిదప దాని బారిన పడును. చిన్న దూడకు జబ్బు స్వల్పముగ వచ్చిపోవును. పెద్ద ఆవునకు, ముఖ్యముగ విదేశీ సంకర జాతికి, ప్రాణాంతకము కావచ్చును.

దూడకు తొలి రక్షణ తల్లి జున్నుపాలలోని ప్రతిరక్షకములే. ఆవు గర్భములో అవి దూడకు చేరవు; పుట్టిన మొదటి దినము దాటినచో దూడ ప్రేగు వాటిని గ్రహింపజాలదు. కనుక జున్ను వండుకొను ఇంటివారు ముందుగా దూడకు కడుపునిండ త్రాగనిత్తురుగాక! స్మిత్ గ్రంథమునకు నేటి శాస్త్రము చేర్చదగిన అనుబంధమిదియే.