ఒంటికి కొలిచి చేసిన కుర్చీ

ఆఫీసుల్లో కుర్చీ చాలాకాలం హోదాని బట్టి పెరుగుతూ వచ్చింది. గుమాస్తాకి చేతుల్లేని కుర్చీ, పై అధికారికి ఎత్తు వీపున్న తోలు కుర్చీ. 1994లో అమెరికాలోని హెర్మన్ మిల్లర్ కంపెనీ తెచ్చిన ఏరాన్ కుర్చీ మాత్రం ఎ, బి, సి అని మూడు సైజుల్లో వచ్చింది. యజమాని సన్నగా, పొట్టిగా ఉంటే ఆయనకి ఎ. రిసెప్షన్‌లో కూర్చునే మనిషి ఆజానుబాహువైతే అతనికి సి. ఉద్యోగుల కోసం కుర్చీలు ఎంపిక చేసేవాళ్ళు, కొన్నా కొనకపోయినా, ముందు దీన్ని శ్రద్ధగా చూసి తీరాలని నా నమ్మకం.

దీన్ని రూపొందించినవాళ్ళు బిల్ స్టంఫ్, డాన్ చాడ్విక్. స్టంఫ్ అంతకు ముందే, 1976లో, ఎర్గాన్ అనే కుర్చీ చేశాడు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఎముకల డాక్టర్లతో, రక్తనాళాల డాక్టర్లతో కలిసి మనుషులు ఎలా కూర్చుంటారో గమనించిన అనుభవం దాని వెనక ఉంది. 1980ల్లో ఇద్దరూ వృద్ధుల కోసం ‘సారా’ అనే వాలు కుర్చీ మీద పనిచేశారు. గంటల తరబడి ఫోమ్‌లో కూరుకుపోయిన పెద్దవాళ్ళ ఒంటికి గాలి ఆడదు, వేడి పోదు, ఒత్తిడంతా రెండు మూడు చోట్లే పడి చర్మం పుండవుతుంది. సారా అమ్మకానికి రాలేదు కానీ ఆ పరిశీలన ఊరికే పోలేదు. అసలు మెత్తే అక్కర్లేని కుర్చీ చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచనకి అదే దారి చూపించింది.

ఏరాన్ సీటు మీద అరచేయి ఆనించి నొక్కి చూడండి. సాగే దారాలతో నేసిన వల అది, పెల్లికల్ అంటారు. చట్రానికి లాగి బిగించి ఉంటుంది, కింద ఇంకే ఆసరా లేదు. మన పాత ప్రభుత్వ కార్యాలయాల్లోని పేము అల్లిన కుర్చీలకీ ఈ గుణం ఉండేది, ఎండాకాలంలో ఒంటికి గాలి తగిలేది. కానీ పేము కొన్నాళ్ళకి మధ్యలో గుంట పడి, చెక్క అంచు తొడలకి ఒరుసుకునేది. పెల్లికల్ మాత్రం ఎవరు కూర్చుంటే వాళ్ళ ఆకారానికి దిగి, లేవగానే మళ్ళీ బిగువుకొస్తుంది. సీటు ముందంచు కిందికి వంపు తిరిగి ఉండటంతో మోకాళ్ళ వెనక, రక్తం పారే చోట, ఒత్తిడి పడదు. 2016లో తెచ్చిన కొత్త రూపంలో ఈ వలని ఎనిమిది భాగాలుగా, వేర్వేరు బిగువులతో నేశారు. దూరం నుంచి చూస్తే పాత కుర్చీలాగే ఉంటుంది.

వెనక్కి వాలినప్పుడు ఇంకో పనితనం బయటపడుతుంది. మామూలు కుర్చీల్లో వాలగానే ముందంచు లేచి పాదాలు నేల విడుస్తాయి. ఇందులో చీలమండ, మోకాలు, తుంటి సహజంగా మడత పడే తీరునే సీటూ వీపూ అనుసరిస్తాయి. పాదాలు నేల మీదే ఉంటాయి. వాలే బిగువుని సర్దే మర ఒకటుంది. 50 కిలోల మనిషికీ 90 కిలోల మనిషికీ ఒకే బిగువు సరిపోదు గదా! కుర్చీ ఇచ్చిన రోజే ఎవరైనా పక్కన నిలబడి ఆ మర తిప్పి చూపించాలి.

మొదట్లో కూర్చుని చూసినవాళ్ళు దీని రూపానికి బాగా తక్కువ మార్కులు వేశారు. అయినా కంపెనీ పైన గుడ్డ తొడిగి దాచలేదు. ఆ ధైర్యం నాకు ఎంతో నచ్చుతుంది. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం 1994లోనే దీన్ని తన శాశ్వత సేకరణలో చేర్చుకుంది.

దీని పరిమితీ కొలతలోనే ఉంది. సీటు ముందుకీ వెనక్కీ జరగదు కాబట్టి సైజు తప్పితే సర్దుకునే దారి లేదు. వీపు చట్రం పైఅంచు వెనక వేలితో తడిమితే చిన్న బుడిపెలు తగులుతాయి. ఒకటుంటే ఎ, రెండుంటే బి, మూడుంటే సి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు ధర అడిగే ముందు వాటిని తడమాలి. వెనక్కి ఆని కూర్చుంటే సీటు అంచుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్ళ సందుండాలి. వేలు దూరలేదంటే ఆ మనిషి ముందుకి జరిగి అంచు మీదే కూర్చుంటాడు, వెనక వీపు ఆసరా ఉన్నా లేనట్టే. వందమందికీ ‘బి’ సైజే ఆర్డర్ పెట్టే సంస్థ అంత డబ్బూ పోసి అసలు సంగతి వదిలేసినట్టే. ఇంకో మాట. మనలో చాలామందికి కుర్చీలోనూ మఠం వేసుకుని కూర్చోవడం అలవాటు. ఏరాన్ గట్టి అంచులు అందుకు ఒప్పుకోవు. అలాంటి ఉద్యోగికి వెడల్పాటి మెత్త సీటున్న వేరే కుర్చీ ఇవ్వడమే న్యాయం.

ఏ కుర్చీ సంగతైనా బల్ల ముందు పెట్టాకే తేలుతుంది. ఆఫీసు బల్లలు సాధారణంగా 75 సెంటీమీటర్ల దగ్గర బిగించేసి ఉంటాయి. ఐదడుగుల అమ్మాయి మోచేతులు ఆ ఎత్తుకి రావాలంటే కుర్చీ లేపాలి, లేపితే పాదాలు వేలాడతాయి. పాదాల కింద ఒక పీట వేస్తే తీరే ఇబ్బంది అది. కూర్చునే తీరుని పరిశీలించడానికి వచ్చినవాళ్ళు ఉద్యోగిని నిటారుగా కూర్చోమని చెప్పి కొలవకూడదు. కాసేపు తన పని తనని చేసుకోనిచ్చి పక్కనుంచి చూడాలి. మెడ ముందుకి సాగుతుంటే స్క్రీన్ దూరంగానైనా ఉండాలి, అక్షరాలు చిన్నవైనా అయ్యుండాలి, లేదా కళ్ళజోడు మార్చాల్సి రావచ్చు. భుజాలు పైకి లేస్తుంటే బల్లో, చేతి ఆసరాలో ఎత్తెక్కువ. రోజంతా లాప్‌టాప్ మీదే పనైతే దాన్ని కంటి ఎత్తుకి లేపి, విడిగా కీబోర్డు, మౌస్ ఇవ్వాల్సిందే. లేకపోతే తల వంచి పనిచేసే మనిషి వీపు, ఎంత మంచి కుర్చీ వేసినా, దాని వీపుకి ఆనదు.