అనువాదంలో మాయమైన మాట

2020లో పిక్సార్ సంస్థ 'ఆన్‌వర్డ్' అనే కార్టూన్ చిత్రాన్ని విడుదల చేసింది. అందులో ఒంటికన్ను పోలీసు అధికారిణి స్పెక్టర్ తన ప్రియురాలి కూతురి అల్లరి గురించి ఒక్క వాక్యం అంటుంది. ఆ వాక్యం మూలంగానే సౌదీ అరేబియా, కువైట్, ఖతర్, ఒమన్ దేశాలలో చిత్రం ప్రదర్శనకు నోచుకోలేదు. రష్యన్ అనువాదంలో 'ప్రియురాలు' కాస్తా 'భాగస్వామి' అయింది. కథకు ఏ లోటూ రాలేదు!

ఒక్క మాట మార్చితే మాయమయ్యే ఇటువంటి పాత్రచిత్రణ వ్యాపార జాగ్రత్తకే నిదర్శనం.

2022 నాటి డిస్నీ చిత్రం 'స్ట్రేంజ్ వరల్డ్' ఇందుకు భిన్నం. ఈథన్ అనే పదహారేళ్ళ బాలునికి మరో బాలునిపై గల ప్రేమ అందులో దాపరికం లేకుండా ఉంది. తాత సైతం దానిని సహజంగానే స్వీకరిస్తాడు. పశ్చిమాసియాలోని పలు దేశాలలో సంస్థ ఆ చిత్రాన్ని విడుదలే చేయలేదు.

దాంపత్యమంటే స్త్రీ పురుషుల నికాహ్ అని విశ్వసించే మనకు ఈ దృష్టి సమ్మతం కాదు. అయినా రెండింటిలో నిజాయితీ గలది ఈ చిత్రమేనని ఒప్పుకోవాలి. పిల్లలకు చూపాలో వద్దో తల్లిదండ్రులు తెలిసే నిర్ణయించుకోగలరు.

అనువాదం అమానతు. నచ్చని చిత్రాన్ని నిరాకరించే హక్కు మనకుంది. రచయిత మాటను గుట్టుగా మార్చే హక్కు ఎవరికీ లేదు. అలా మార్చినప్పుడు రచయితతో పాటు, తన బిడ్డ ఏమి చూస్తున్నదో తనకు తెలుసునని నమ్మిన తండ్రి కూడా మోసపోతాడు.