మర్రిచెట్ల కింద తూమ్

నాగోబా జాతర అనగానే పత్రికలకు గుర్తొచ్చేవి పుష్య అమావాస్య రాత్రి మహాపూజ, కొత్త కోడళ్ల భేటింగ్, అధికారుల దర్బార్. అంతకుముందు జరిగే పనికి అంత చోటు దొరకదు. గోదావరి హస్తినమడుగు నుంచి కాలినడకన ఝరి పాత్రలో జలం తెచ్చిన గోండు మెస్రం వంశీయులు కేస్లాపూర్ మర్రిచెట్ల కింద బస చేసి, కిందటి జాతర తర్వాత పోయిన తమవాళ్ల పేరిట తూమ్ పూజలు చేస్తారు. అవి అయ్యాకే పండుగ.

ఊళ్లో అంత్యక్రియలు ఎప్పుడో ముగిసి ఉండొచ్చు. వంశం తరఫున వీడ్కోలు మాత్రం ఇక్కడే, అందరి సమక్షంలో. చనిపోయినవాళ్లు వంశదైవమైన పెర్సా పేన్‌లో కలుస్తారని గోండుల నమ్మకం. ఆ కలిపే పూచీ బతికున్నవాళ్లది. వంశగాయకుడైన పర్ధాన్ కిక్రి వాద్యం వాయిస్తూ వంశచరిత్ర పాడతాడు. తర్వాత కొద్దిరోజులకే కొత్త కోడళ్లు అదే దైవం ముందుకొస్తారు. దుఃఖానికి ఒక చోటు, ఒక నెల, ఒక ముగింపు పెట్టిన ఈ ఏర్పాటులో నాకు కనిపించేది భక్తి ఒక్కటే కాదు, మనుషుల మనసు బాగా తెలిసినవాళ్ల నేర్పు.

అమెరికాలోని లకోటాలదీ ఇలాంటి పద్ధతే. పోయినవారి జుట్టుపాయను మూటగట్టి, సాధారణంగా ఏడాదిపాటు ఇంట్లో ఉంచుకుని, ఆ తర్వాత విందుపెట్టి, ఉన్నది పంచిపెట్టి ఆత్మను సాగనంపుతారు. అక్కడి ప్రభుత్వం ఒకప్పుడు దాన్ని నిషేధించింది. 1890 డిసెంబర్ 29న వూండెడ్ నీ దగ్గర సైన్యం వందల మంది లకోటాలను చంపింది. ఏడవనివ్వని ఏడుపు తరాలు దాటి వస్తుందని లకోటా పండితురాలు మరియా యెల్లో హార్స్ బ్రేవ్ హార్ట్ వివరించింది ఈ చరిత్ర నుంచే. 1986 మొదలు ఏటా డిసెంబర్ చలిలో కొందరు గుర్రాలపై చనిపోయినవాళ్ల దారినే వెళ్లారు. నూరేళ్లు నిండిన 1990లో ‘కన్నీళ్లు తుడిచే’ క్రతువు జరిపారు.

మన దగ్గర కేస్లాపూర్ చేరేముందు జలయాత్ర ఆగేది ఇంద్రవెల్లిలో, ఇంద్రాదేవి గుడి దగ్గర. 1981 ఏప్రిల్ 20న గిరిజన రైతుకూలీ సంఘం సభకు వచ్చిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరిపింది ఆ ఊళ్లోనే. ప్రభుత్వ లెక్క 13 మంది. హక్కుల సంఘాలది అంతకు ఎన్నో రెట్లు. చనిపోయినవాళ్ల గుర్తుగా కట్టిన స్తూపాన్ని కూల్చేశారు, తర్వాత ఐటీడీఏ మళ్లీ కట్టించింది. అయినా ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వచ్చిందంటే 144 సెక్షన్, దారిపొడవునా పోలీసులు. కాల్పుల కంటే ఈ కాపలాయే ఎక్కువకాలం సాగింది. చంపడం ఒక నేరమైతే, చచ్చినవాళ్ల కోసం గుమిగూడడాన్ని నేరం చేయడం రెండోది.

2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్తూపం దగ్గర నివాళులర్పించి స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. మంచిదే. కానీ తూమ్ జరిగేది పోయిన మనుషుల పేరు మీద. 13కూ, జనం చెప్పే లెక్కకూ మధ్య మిగిలిపోయినవాళ్ల పేర్లు ఆ వనంలో ఎవరు రాయిస్తారు?