కొట్టి చూసి కొన్న కుండ

ఆషాఢంలో గోల్కొండ జగదాంబికతో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి, లాల్ దర్వాజ దాటేసరికి పట్నంలో బోనాల సందడి సద్దుమణుగుతుంది. మేడ్చల్, శామీర్‌పేట వైపు చాలా ఊళ్లలో డప్పు మోగేది ఆ తర్వాతే, శ్రావణంలో. నాట్లు పడి చేతికి కాస్త తీరిక దొరికే రోజులవి. ఈసారి మా ఇంట్లో ముందు నడిచే మనిషి లేదు. తొంభై దాటి బతికిన మా నాయనమ్మ మొన్న చలికాలంలో పోయింది.

ఆమె భక్తురాలని ఊరంతా అంటారు. ఆ భక్తి ఆమె చేతుల్లో ఎట్లుండేదో దగ్గర నుంచి చూసినదాన్ని కాబట్టి అది చెప్పాలనిపించింది.

పండుగకు చాలా ముందే కుమ్మరి ఇంటికి పోయేది. కుండను ఎడమ అరచేతిలో నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గేది. ఖంగుమంటేనే తీసుకునేది. మొద్దుగా మోగితే ఎక్కడో పగులుందని పక్కన పెట్టేది. బేరం మాత్రం ఆడేది కాదు. "అమ్మవారి కుండకు బేరమేంది బిడ్డా" అని పైసలతో పాటు కొంగున కట్టుకొచ్చిన బియ్యం కూడా ఇచ్చేది. కుండ, గురిగి, ప్రమిద ఇంటికొచ్చాక రాత్రంతా నీళ్లలో నానాలి. ఎండు కుండ సెగ తగిలితే చిట్లుతుంది. తెల్లారి తలస్నానం చేసి మూడు రాళ్ల పొయ్యి మీద సన్నటి మంట పెట్టేది. ఎసరు కాగాక బియ్యం, మెతుకు మెత్తబడ్డాక పాలు, అన్నిటికన్నా ఆఖర్న బెల్లం. బెల్లం ముందే పడితే అన్నం ఎంతసేపైనా ఉడకదు. కుండ దించి, మసి తుడిచి, సున్నం పూసేది. "పల్చగుంటే కారుతది, చిక్కగుంటే రాలుతది" అంటూ వేళ్లతో కలుపుకునేది. దాని మీద పసుపు, కుంకుమ బొట్లు, మెడకు వేపమండలు, పైన గురిగి మూత, ఆ మూత మీద దీపం. అమ్మవారికి సాక పోసి బోనం చెల్లించేదాకా మంచినీళ్లు కూడా ముట్టేది కాదు.

పుట్టిన తేదీ ఆమెకు తెలియదు. రజాకార్ల యేడుకు పెండ్లయిందని లెక్క చెప్పేది. 1948 సెప్టెంబర్ 17న నిజాం పాలన ముగిసింది. అంతకు ముందు రోజుల్లో చీకటి పడితే ఆడవాళ్లు జొన్నచేలల్లో దాక్కున్న సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది. ఆ శ్రావణంలో కూడా బోనం ఆపలేదట. పొద్దుండగానే, డప్పు లేకుండా, నలుగురు ఆడవాళ్లు పోయి పోచమ్మకు పెట్టి వచ్చారట. మా ఇంటి చరిత్రలో నాకు అన్నిటికన్నా పెద్ద ధైర్యం అదే.

శివరాత్రికి ఎడ్లబండి మీద కీసరగుట్టకు పోయేవాళ్లు. రాముడు చెప్పగా హనుమంతుడు కాశీ నుంచి లింగాలు తెచ్చేసరికి ప్రతిష్ఠ అయిపోయిందని, కోపంతో వాటిని విసిరేశాడని అక్కడి స్థలపురాణం. ఆ లింగాలు ఇప్పటికీ గుట్ట మీద ఆరుబయట కనిపిస్తాయి. గర్భగుడి ముందు జనం బారులు తీరితే నాయనమ్మ చెంబు పట్టుకొని వాటి దగ్గరికి పోయేది. చేతికి అందిన ప్రతి లింగం మీదా ఇన్ని నీళ్లు పోసేది. "లోపలాయనకు అందరున్నరు. వీళ్లను ఎండల ఎవరు చూస్తరు?" అనేది. ఏ ప్రవచనంలోనూ నాకు దొరకని మాట అది.

శామీర్‌పేట చెరువు కట్ట మైసమ్మకూ ఏటా ఓ ఆదివారం మొక్కు ఉండేది. కట్ట తెగితే పొలమూ లేదు, పూజా లేదని ఆమెకు బాగా తెలుసు.

ఔటర్ రింగు రోడ్డు వచ్చాక మా వైపు చేలన్నీ ప్లాట్లయ్యాయి. వేపచెట్టు కింది పోచమ్మ గుడిని పక్కకు జరుపుదామని లేఅవుట్ వేసే పెద్దమనిషి వచ్చాడు. ఆమె పీట వేసుకొని చెట్టు కింద కూచుంది. "పోచమ్మను జరిపేదుంటే ముందు నన్ను జరుపు నాయనా" అంది. అరుపు లేదు, తిట్టు లేదు. పొద్దుగూకేదాకా లేవలేదు. చివరికి ఆ నక్షాలో రోడ్డే వంపు తిరిగింది. చెట్టు ఇంకా ఉంది.

2014లో బోనాలు రాష్ట్ర పండుగ అయ్యాయి. పండుగ పెరిగింది, అది మంచిదే. కానీ దాంతో పాటు ఇత్తడి బిందెలు, స్టీలు బోనాలు పెరిగాయి. ఓసారి మా వదిన ముచ్చటపడి ఇత్తడిది కొన్నది. నాయనమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, బాగుందనే అంది. తర్వాత మెల్లగా, "ఇది ఒక్కసారి కొంటవు. కుండ ఏటా కొంటవు. ఏటా కొంటేనే కుమ్మరోళ్ల పొయ్యి మండుతది" అంది. ఆ యేడు మా వదినే పోయి కుండ తెచ్చింది.

ఈ ఒక్క మాట కోసమే ఈ వారం ఆమె గురించి రాశాను. శ్రావణంలో బోనం ఎత్తే ఇల్లు మీదైతే, మీ ఊళ్లో కుమ్మరి సారె ఇంకా తిరుగుతుంటే, మట్టికుండకు ఇప్పుడే చెప్పి పెట్టండి. వానాకాలంలో పచ్చికుండ నీడన ఆరి, ఆవంలో కాలడానికి రోజులు పడతాయి. పండుగ ముందురోజు పోతే దొరకదు.