అంకెలతో ఆధారనిర్దేశము

శాస్త్రవ్యాసము వ్రాయువాడు పూర్వుల ఋణమును అడుగడుగునను ప్రకటింపవలసినవాడే. ఐనను ఆ ప్రకటన వాక్యధార కడ్డుపడి చదువరి దృష్టిని విషయమునుండి మరల్పరాదు. అందుకై రచయిత పేరును సంవత్సరమును వాక్యమధ్యమున నిలుపు పద్ధతి యొకటి యుండగా, చదరపు కుండలీకరణములలో ఒక అంకెను మాత్రముంచి తక్కిన వివరమునంతయు కడపటి సూచి కప్పగించు పద్ధతి మరియొకటి కలదు. వైద్యపత్రికల సంపాదకులు 1978లో కెనడాయందలి వాంకూవరులో సమావేశమై వ్రాతప్రతులకు ఏకరూపమైన నియమములు కూర్చుకొన్న పిమ్మట, ఈ రెండవ పద్ధతి వైద్యవాఙ్మయమున ఆ నగరము పేరనే ప్రసిద్ధి కెక్కినది.

అంకె చూపున కల్పమే గాని దానిని తప్పక నిలుపుట అల్పకార్యము కాదు. మూడవ పుటలో క్రొత్త ఆధార మొకటి చేరెనా, తరువాతి అంకెలన్నియు ఒక్కొక్కటి పెరుగవలెను. చేతితో దిద్దినచో 18 కావలసిన 17 ఎక్కడనో మిగిలిపోయి, చదువరి వేరొకరి గ్రంథమునొద్ద తేలును. లెస్లీ లాంపోర్ట్ కూర్చిన లేటెక్ అను అక్షరకూర్పు సాధనము, దానికి తోడుగ 1985లో ఓరెన్ పటాష్నిక్ వెలువరించిన బిబ్‌టెక్ ఈ శ్రమను యంత్రముపై మోపినవి. రచయిత అంకె వేయడు; గ్రంథమునకు తాను పెట్టుకొన్న గుర్తుపేరును మాత్రము వ్రాయును. లేటెక్ మొదటి పర్యాయము ఆ గుర్తులను ఒక సహాయక ఫైలున కెక్కించును. బిబ్‌టెక్ దానిని చదివి, రచయిత కూర్చుకొన్న గ్రంథవివరకోశమునుండి కావలసినవానినే యేరి జాబితా కట్టును. ఆపై లేటెక్‌ను మరి రెండుమారులు నడిపిన గాని అంకెలు కుదురుకొనవు. అంతదాక వానిచోట ప్రశ్నార్థకము కనబడును. పరిశోధక విద్యార్థులు దానిని చూచి బెదరుదురు గాని, తప్పుటంకె కంటె అది యెంతయో మేలు.

ఇక జాబితా క్రమ మేది? బిబ్‌టెక్ శైలులలో ‘ప్లెయిన్’ అనునది గ్రంథకర్తల పేళ్లను అకారాదిగ నమర్చి అంకెలు వేయును. ‘అన్‌సర్ట్’ వ్యాసమున ప్రస్తావనకు వచ్చిన వరుసనే పాటించును. ఇంటిపేరు ముందుండు మన పేళ్లకు మొదటిది చిక్కు తెచ్చును. విశ్వనాథ సత్యనారాయణ అని రోమను లిపిలో వ్రాసినచో బిబ్‌టెక్ కడపటి పదమునే యింటిపేరుగ నెంచి ‘ఎస్’ అక్షరము క్రింద చేర్చును. నడుమ కామా పెట్టినచో స్థానము సరియగును గాని అచ్చులో పేరు తలక్రిందగును. పేరు మొత్తమునకు మీసాల కుండలీకరణముల నొకజత అదనముగ తగిలించిననే రెండును చక్కబడును. చిన్న వ్యాసమునకు ‘అన్‌సర్ట్’ చాలునని నా యభిప్రాయము. వందలకొలది గ్రంథములు గల సిద్ధాంతవ్యాసమున మాత్రము అకారాదియే వెదకువానికి అనుకూలము.

కుండలీకరణములు మాని అంకెను పంక్తికి పైగ చిన్న యక్షరముతో వేయు పత్రికలును కలవు. పుట నిర్మలముగ కనబడును, నిజమే. కాని గణితమున రాశిప్రక్కనే పడిన 2, ఆధారసంఖ్యయో వర్గచిహ్నమో తెలియక చదువరి తికమక పడును. కుండలీకరణమున కీ బెడద లేదు. లేటెక్ వ్రాతప్రతిలో దానికి ముందు మామూలు ఖాళీకి మారుగ టిల్డా గుర్తు నుంచినచో, అంకె పదమునుండి విడివడి క్రొత్త పంక్తి మొదట ఒంటరిగ పడదు.

‘[5] నిరూపించెను’ అని అంకెనే కర్తగ నిలుపుట మాత్రము నాకు రుచింపదు. నిరూపించినవాడు మనుష్యుడు గదా! పాట్రిక్ డేలీ కూర్చిన ‘నాట్‌బిబ్’ అను లేటెక్ అనుబంధము, అంకెల పద్ధతిలోనే, కోరినచోట పేరును దానిప్రక్క అంకెను తానే వేయును. ఐతే అందులకు సాదా ‘ప్లెయిన్’ చాలదు, ‘ప్లెయిన్‌నాట్’ వంటి శైలిని ఎన్నుకొనవలెను.